దేవుడి గదిలో సేఫ్టీ గొలుసు

టీ చల్లారితే చల్లారనివ్వండి, ముందు ఇది వినండి. సముద్రంలో దిగాల్సిన బోటుని గెడ్డలో, అంటే వాగులో, దించిన మొనగాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే! నవ్వుకోండి, పర్లేదు. నాకైతే దసరా నుంచీ నవ్వు రావట్లేదు.

అక్కుపల్లిలో అప్పన్న అని నాకో ఫ్రెండున్నాడు. వాడిది చేపల వేట, నాది కొబ్బరి తోట. చుట్టరికం లేదు గానీ ఒకర్నొకరం బావా అనే పిలుచుకుంటాం. తుఫానుకి వాడి ఫైబర్ బోటు అడుగు పగిలి కాశీబుగ్గ షెడ్డులో పడుంది. అప్పట్నుంచి వాడు పరాయి బోట్ల మీద కూలికెళ్తున్నాడు. సొంత బోటున్నవాడికి అదెంత నామోషీ! మొత్తానికి రిపేరైంది. దసరా పొద్దున్నే సముద్రంలో దించాలని వాడి ఆశ. ముందురోజు నా ట్రాక్టర్ మీద ఒడ్డుకి చేర్చాలి. అంతే నా పని.

"గొలుసు తెత్తన్నావు కదా బావా?" అని ఫోన్లో ఒకటే అడగడం.

గొలుసంటే సేఫ్టీ గొలుసు. ట్రాలీని ట్రాక్టర్‌కి కలిపే పిన్ను ఎగిరిపోయినా, ట్రాలీ వెనక్కి జారిపోకుండా పట్టుకునేది. ఈమధ్యే కొత్తది కొన్నా. "నేనుండగా నీకెందుకు బావా టెన్షన్!" అని కూడా అన్నా. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

తీరా బయల్దేరబోతే గొలుసు లేదు! అంతా వెతికా. చివరికి దేవుడి గదిలో కనిపించింది. ఆయుధ పూజ కదా! కత్తి, పార, గునపం, వాటి మధ్యన పసుపు రాసుకుని, బొట్టు పెట్టుకుని, బంతిపూల కింద మా గొలుసు! చెయ్యి పెట్టానో లేదో అమ్మ కేకేసింది.

"ముట్టకురా! రేపు ఉద్వాసన సెప్పీదాకా పూజలో పెట్టింది కదపకూడదు!"

"మరి ట్రాక్టర్ తీస్తున్నాగా అమ్మా?"

"దాని పూజ వాకిట్లోనే అయిపోనాది, నిమ్మకాయలు కూడా తొక్కీసింది. దేవుడి గదిలో పెట్టినవాటికే ఆ నియమం."

ట్రాక్టర్ దేవుడి గదిలో పట్టదు కాబట్టి దానికి రూలు లేదన్నమాట! పోనీ మొండికేద్దామంటే నాకూ భయమేసింది. అమ్మవారి ముందున్నది లాక్కెళ్లి, దారిలో ఏదైనా అయితే? పెరట్లో కొబ్బరి తాడుంది. పేటల మీద పేటలు మెలేసి, గొలుసు బదులు కట్టేశా. కొబ్బరికి పేరుపడ్డ మా ఉద్దానం తాడండీ, మామూలా!

కాశీబుగ్గలో బోటు ఎక్కించాక అప్పన్న వంగి చూశాడు.

"ఇదేటి బావా? గొలుసేది?"

"పూజలో ఉంది."

వాడు తాడుకి దండం పెట్టి ట్రాక్టరెక్కేశాడు. ఇద్దర్లో ఒక్కడికైనా భక్తి తక్కువుంటే బాగుండేది!

దారిలో గెడ్డ ఉంది. వానలకి నిండుగా పారుతోంది. వంతెన మీదకి ఎత్తు ఎక్కుతుంటే గోతిలో పడి ట్రాక్టర్ ఎగిరింది. ఏదో టప్‌మంది. ఆ తర్వాత ఏం లాగింది ట్రాక్టర్! దూసుకుపోతోంది!

"చూశావా బావా, నా బండి పికప్పు!" అన్నా.

అప్పన్న వెనక్కి తిరిగాడు. "బావా... బోటేది?"

పిన్ను ఎగిరింది, తాడు తెగింది. ట్రాలీ వెనక్కి జారి, రోడ్డు దిగి, గట్టు మీద ఒరిగింది. బోటు గెడ్డలోకి జారిపోయింది. కాసేపు నిటారుగా, దర్జాగా తేలింది కూడా! గట్టు మీద గేదెలు కాసుకునే తాత నోరెళ్లబెట్టాడు.

"ఓరి బాబో! గెడ్డలో కూడా సేపల ఏట సేత్తారేట్రా?"

అంతలో రాళ్లకి కొట్టుకుంది. కొత్తగా వేసిన అతుకు ఊడి, బోటు నిండా నీళ్లు. అప్పన్న గట్టు మీద కూలబడ్డాడు. నాలుగు తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చేసింది.

మర్నాడు ఉద్వాసన చెప్పి అమ్మ గొలుసు చేతికిచ్చింది. బోటు సముద్రంలో దిగాల్సిన రోజున, ఆ బొట్టు పెట్టిన గొలుసుతోనే దాన్ని గెడ్డలోంచి పైకి లాగాం. ఇంటికొచ్చాక అమ్మ గొలుసుని తిప్పి తిప్పి చూసింది.

"సూసేవా, అమ్మోరి మహిమ! గొలుసుకి గీతైనా పడనేదు!"

బోటు మళ్లీ షెడ్డుకెళ్లింది. అప్పన్న మళ్లీ పరాయి బోటు మీద కూలికెళ్తున్నాడు. నిన్న అక్కుపల్లి ఒడ్డుకెళ్లా. ఎవరిదో వల బాగుచేస్తున్నాడు. పక్కన కూర్చున్నా. తలెత్తకుండానే అన్నాడు.

"మల్లొచ్చే దసరాకి పూజలో నువ్వు కూకో బావా. గొలుసుని నాతో పంపీ."

ఇంటికొచ్చి అమ్మకి చెప్పా. నవ్వుతుందేమో అనుకున్నా. చేటలో బియ్యం ఏరుకుంటూ, సీరియస్‌గానే అంది:

"నిన్నెలగ పెడతార్రా నాయినా? ఆ పూజలో పనికొచ్చేవే పెడతారు."