గోడ అవతల చదివే గొంతు

ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో బంద్ అయితే మా ఇంటి గోడలు పలచబడేవి. మెయిన్ రోడ్డు మీద బస్సులు ఆగిపోగానే పక్క పోర్షన్‌లో చెంచా కిందపడినా వినబడేది. అలాంటి ఒక పగలే ఆ గొంతును స్పష్టంగా విన్నాం. మగగొంతు. ఎక్కడా తడబడదు, ఊపిరి తీసుకోదు.

పక్క పోర్షన్‌లో కొత్తగా దిగినామె గుంటూరు వైపు మనిషి. బ్యాంకులో పని. చూపు లేదు.

"ఒక్కతే ఉంటదన్నరు గదా, మరి గా మొగోడెవడు?" అంది అమ్మ రోట్లో మిరపకాయలు దంచుతూ.

"రేడియో కావచ్చు."

"రేడియోల నడుమ నడుమ పాటలొస్తయి గదనే."

అప్పటికి అమ్మకు చెప్పని విషయం ఒకటి నా దగ్గర ఉంది. పొద్దు వాలితే నాకు మెట్లు కనబడటం మానేశాయి. పగలు కూడా చూపు అంచుల్లో ఏవో మిణుకుమనేవి. మన్సూరాబాద్‌లో చిన్నమ్మ ఇంటికి వెళ్తే చీకటి పడకముందే ఏదో వంక చెప్పి వచ్చేసేదాన్ని. ఒంటరిగా కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. రేచీకటితో మొదలై నెమ్మదిగా చూపంతా పోవచ్చన్నాడు. డైరీలో కూడా ఆ సంగతి రాయలేదు.

ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఆ జబ్బు పేరు వెతికాను. తెలుగు పేజీలో కారణాలు, లక్షణాలు ఉన్నాయి. మందు లేదని ఉంది. ఆ తర్వాత మనిషి ఎలా బతుకుతుందో లేదు. నాకు కావాల్సింది అదే. దొరికిన పుస్తకాలన్నీ చదివి ఆ పేజీని నేనే పెంచసాగాను. తెల్లకర్ర గురించి, చుక్కల లిపి గురించి రాశాను. ఆ బంద్ నాడు చివర ఒక వాక్యం చేర్చాను: "క్రమంగా రోగి జీవితం చీకటిమయం అవుతుంది."

కాసేపటికి గోడ అవతల ఆ గొంతు అదే వాక్యం చదివింది. నా మాటలే, నేను పెట్టిన వరుసలోనే. గొంతు మళ్లీ చదివింది. తర్వాత కీబోర్డు టకటకలాడింది. పేజీ మళ్లీ తెరిచి చూశాను. నా వాక్యం పక్కన చిన్న అక్షరాలు పుట్టుకొచ్చాయి: "ఆధారం చూపాలి."

నేను ఒకరి తలుపు తట్టే మనిషిని కాను. ఆ రోజు వెళ్లాను.

"తీసే ఉంది, రండి."

లోపల కిటికీలు మూసి ఉన్నాయి, లైటు లేదు. ఆ గొంతు ఎక్కణ్ణుంచో చదువుతూనే ఉంది. నాకేమీ కనబడలేదు.

"పక్కింటి పిల్లనక్కా. ఆ చీకటి ముచ్చట నేనే రాసిన."

మీట నొక్కిన చప్పుడు. గొంతు ఆగింది. ఆమె నవ్వింది. "నువ్వా? ఎవరబ్బా ఈ మహానుభావుడు అనుకుంటన్నా. కంప్యూటర్‌ చదివి పెడుతుంటే ఒళ్లు మండింది. చీకటని ఎవరు చెప్పారు నీకు? నాదీ అదే జబ్బు. నాకు చీకటే లేదమ్మాయ్. ఊదారంగు, పసుపు, ఏవో మెరుపులు కదులుతానే ఉంటయ్. కళ్లు మూసినా ఆరవు."

వెనక్కి ఒక అడుగు వేశాను. స్టూలు దబ్బున పడింది.

"పట్టపగలు స్టూలు కనపడలా?" ఆమె నవ్వు ఆగిపోయింది. "నీకూనా? ఇంట్లో తెలుసా?"

తల అడ్డంగా ఊపాను. అది ఆమెకు కనబడదని తర్వాత తట్టింది.

"నోటితో రాకపోతే టైపు చెయ్యి." నా చెయ్యి వెతికి పట్టుకుని కీబోర్డు మీద పెట్టింది.

నేను కొడుతున్న ఒక్కో అక్షరాన్నీ ఆ గొంతు పలికింది. మాట పూర్తవగానే మాటను పలికింది. నాకు. రాత్రిళ్లు. కనబడదు. పగలు. కూడా. తగ్గుతోంది.

గోడ అవతల రోకలి చప్పుడు ఆగింది. చెప్పులు వాకిట్లోకి వచ్చాయి.

"ఎవలకు కనబడదంటున్నడే గాయన?" అంది అమ్మ గడపలోంచి.

అక్క నా వేళ్ల మీది నుంచి చెయ్యి తీసేసింది. నేను ఇంకో మాట కొట్టాను.

"నాకే," అంది ఆ గొంతు.