బాలవ్వ దాచిన నీళ్లచెంబు

పోగు జారకుండా బూడిదలో వేళ్లు అద్దుకుని బాలవ్వ పాత పోగు కొసనూ కొత్త పోగు కొసనూ కలిపి మెలిపెట్టింది. తర్వాత దాని పక్కది. సిరిసిల్లలో సాంచా, అంటే మరమగ్గం, మీది నూలు అయిపోవస్తే, కొత్త నూలును ఇట్లాగే ఒక్కో పోగుకూ చేత్తో అతకాలి. రెండువేలకు పైనే ఉంటాయి. సగంలో లేస్తే వరుస తప్పుతుందని అతికేవాళ్ల భయం.

ఎదురుగా స్టూలు మీద పెనిమిటి మల్లేశం ఎడమచేత్తో పోగులు విడదీసి అందిస్తున్నాడు. కుడిచేయి ఒళ్లో పడి ఉంది. నిరుటి దాకా ఈ వాడలో అతుకు పనికి అందరూ మొదట పిలిచింది ఆ చేతినే.

సాంచాల యజమాని రాజ్‌కుమార్ గుమ్మంలోకి వచ్చాడు.

"బాలక్కా, నాలుగింటికి సాంచా నడవాలె. మీతోని కాకుంటే ఇగ నుంచి అతుకుకు వెంకటినే పిలుస్త, ఏమనుకోకు."

"పిలువు తమ్ముడు. వెంకటి అతికినంక తెగిన పోగులు ఏరుడు నీకే పని అయితది."

రాజ్‌కుమార్ నవ్వి వెళ్లిపోయాడు. బాలవ్వ నవ్వలేదు. ఈ పని పోతే వాళ్లకు చేతనైన పని మరొకటి లేదు.

మల్లేశానికి పేగుల్లో పుండ్ల జబ్బు ఎనిమిదేళ్లుగా ఉంది. ముదిరితే రోజుకు పదిసార్లు పరుగు, నెత్తురుతో. నలుగురి మధ్యలోంచి లేచి పరుగెత్తాలంటే అతనికి చచ్చేంత సిగ్గు. అందుకని పనికి కూర్చున్న రోజు తిండీ నీళ్లూ బంద్. ఆ ఉపాయం బాలవ్వదే. దాహమని అతను చేయి చాపితే చెంబు తన వెనక పెట్టుకుని, "ఇంకో రెండొందల పోగులేనయ్యా. అయినంక బావిలనే దుంకుదువు" అని నవ్వించేది.

నిరుడు ఎండల్లో జబ్బు తిరగబెట్టింది. అయినా మూడు రోజులు వరసగా పని. తల పగిలిపోతోందన్నాడు. ఎండదెబ్బ అనుకుని బాలవ్వ తువ్వాల బిగించి కట్టింది. నాలుగోనాడు అతని కుడిచేతి వేళ్లలోంచి పోగు జారింది. మళ్లీ పట్టాడు. మళ్లీ జారింది.

"పోగు దొర్కుతలేదే..." మాట ముద్దగా వచ్చింది.

మెదడులో నెత్తురు గడ్డకట్టిందని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. "పేగుల జబ్బు ముదిరినప్పుడు నెత్తురు తొందరగ గడ్డకడుతదమ్మా. నీళ్లు తాగక, కదలక కూసుంటే ఇంకింత ముప్పు. ఇంట్ల ఎవరూ చూసుకోలేదా?"

"చూసుకున్న మేడం," అంది బాలవ్వ. ఎట్లా చూసుకుందో మాత్రం చెప్పలేకపోయింది.

ఇప్పుడు మల్లేశం పెదవులు ఎండి ఉన్నాయి. అడగడం లేదు. అడగకుండా ఉండటం అలవాటు చేసింది తనే.

బాలవ్వ అతికిన చివరి పోగుకు గుర్తుగా ఎర్రదారం ముడివేసి లేచింది.

"లేవకే, వరుస తప్పుతది. టైం లేదు."

"తప్పనియ్యి."

చెంబు అతని నోటికి పట్టింది. చెయ్యి పట్టి షెడ్డులో రెండు మార్లు నడిపించింది. తిరిగొచ్చి చూస్తే ఎర్రదారం ఉన్నచోటే ఉంది. వరుస ఎటూ పోలేదు.

మల్లేశం ఎడమచేత్తో ఆ ముడిని తడిమాడు. "గింతేనా? అప్పుడే కట్టుకుంటే అయిపోతుండె గదనే."

బాలవ్వ బూడిదలో వేళ్లు అద్దుకుని తర్వాతి పోగు అందుకుంది.

నాలుగుకు ఐదు నిమిషాలుందనగా చివరి మెలి పడింది. రాజ్‌కుమార్ తిరిగొచ్చి నూలును మెల్లగా ముందుకు లాగాడు. అతుకులన్నీ దాటాయి, ఒక్కటీ తెగలేదు.

"సోమవారం ఇంకోటున్నది బాలక్కా. మీరే రావాలె."

బాలవ్వ ఎర్రదారం విప్పి కొంగున ముడేసుకుని, సాంచాను అతనికి వదిలి పక్కకు జరిగింది.