బందులు లేని తలుపులు

మా పిన్ని ఒప్పందాలు అనువాదం చేసేది. ఓసారి రెండు దేశాల కంపెనీల మధ్య తలుపుల కొనుగోలు ఒప్పందం ఆమె బల్ల మీదికొచ్చింది. అందులో తలుపుల కొలతలు, రంగు, చెక్క రకం అన్నీ ఉన్నాయి గానీ తలుపును చట్రానికి బిగించే బందుల ఊసే లేదు. రేపు గొడవొస్తే ఎలాగని పిన్నికి ఆరాటం మొదలైంది. తెలిసిన లాయర్లకు ఫోన్ చేసింది.

అమ్మేవాళ్ల దేశపు లాయరు, "మా జడ్జీలు ముందు కాగితం మీద ఏముందో చూస్తారండీ" అన్నాడు. కొనేవాళ్ల దేశపు లాయరమ్మ, "మావాళ్లు సంతకం పెట్టేటప్పుడు ఇద్దరూ ఏమనుకున్నారని అడుగుతారు" అంది.

భోజనాల దగ్గర పిన్ని ఇంట్లోవాళ్లనూ ఇదే అడిగింది.

"రాయనిది ఎందుకిస్తారు?" అన్నాడు బాబాయి.

"బందుల్లేకపోతే అది తలుపేంట్రా, చెక్క" అంది ఆయన తల్లి.

ఇంట్లోనే రెండు కోర్టులున్నాయని పిన్ని నవ్వుకుంది. మర్నాడు సంతకాలకు ముందే రెండు కంపెనీలనూ అడిగింది. తలుపులతో బందులు ఎలాగూ వస్తాయని కొనేవాళ్లు, అవి కొనేవాళ్లే తెచ్చుకుంటారని అమ్మేవాళ్లు అనుకుంటున్నారట. ఇద్దరూ మాట్లాడుకుని బందులు ఎవరివ్వాలో చెప్పే ఒక వాక్యం చేర్చారు.

అప్పట్నుంచీ ఏ ఒప్పందం చేతికొచ్చినా పిన్ని మొదటి పేజీ చూడదు. గొడవ ఏ దేశం కోర్టులో తేలుతుందో రాసిన చోటు వెతికి, అక్కణ్ణుంచి చదవడం మొదలుపెడుతుంది.