రెండు భోజనశాలల నియమం

అన్నపూర్ణకు అంజలి ఘటించి ఈ ముచ్చట మొదలుపెడుతున్నాను. ప్రభవ నామ సంవత్సర చైత్ర శుద్ధ నవమినాడు హనుమకొండలో మా అక్క ఇంట నైవేద్యమైన తరువాత బంతి తీర్చారు. విహారనౌక భోజనశాలలో కొలువుచేసే మేనల్లుడు సెలవు ముగిసి ఆ సాయంత్రమే కాజీపేటలో బండి ఎక్కవలసి ఉంది. అంతకుముందు పండుగ బంతిలో తండ్రి పక్కన కూర్చుని తినాలని అతని కోరిక. ఓడ అలవాటుకొద్దీ కోటు, టై ధరించి వచ్చాడు. అక్క గడపలోనే ఆపింది.

“ఏందిరా ఆ ఏషం? మడి బంతిల ప్యాంటుతోని కూసుంటవా?”

“అమ్మా, కోటు లేకుంటే మా ఓడల నేనే లోపలికి రానియ్య!”

“గది నీ ఓడ. ఇది నా వంటిల్లు.”

నాకు కుతూహలం కలిగింది. “మరి కోటు లేనోళ్లను పస్తు పండవెడ్తవారా?” అని అడిగాను.

“లేదు మామా. తలుపు కాడ నాలుగు కోట్లు పెట్టుకుంటం. ఎరువిచ్చి కూసోవెడ్తం.”

అది విని అక్క లోపలికి వెళ్లి, దండెం మీది మడిపంచెను కర్రతో తెచ్చి అతని ముందు జారవిడిచింది.

“నా కాడ గూడ ఉన్నది. తానం చేసి కట్టుకో.”

అతడు స్నానం చేసి, పంచె జారకుండా బెల్టు బిగించి వచ్చాడు. తోలు బెల్టును చూసి అక్క మళ్లీ అడ్డం నిలిచింది. విస్తరి ముందున్న బావగారు నవ్వుతూ తన మడికండువాను విసిరారు.

“ఇది కట్టుకొని జల్ది రారా, ఆకలైతాంది!”

తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చుని తిన్నారు. మరుసటి ఏడు విభవ సంవత్సర వైశాఖంలో సెలవుకు వచ్చినప్పుడు అతడు పెట్టెలో పట్టుపంచె తెచ్చుకున్నాడు.