మక్కి తాతయ్య వదలని వాక్యం

మా తాతయ్య దొరల కాలంలో కోర్టులో నకలు గుమాస్తా. ఒకరు రాసిన కాగితాన్ని చూసి ఇంకో కాగితం మీద అచ్చం అలాగే ఎక్కించి, అడుగున 'సరిచూడబడినది' అని సంతకం పెట్టే ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్ళు అదే పని. అసలు కాగితం మీద చచ్చిన ఈగ అంటుకుని ఉంటే, నకలు మీద అంటించడానికి ఇంకో ఈగను వెతికే రకమని నాయనమ్మ వెక్కిరించేది. అలా మక్కికి మక్కి దించే ఆయన పేరు ఇంట్లో మక్కి తాతయ్య అయిపోయింది.

"అంటించనే. ఇక్కడ ఈగ ఉంది అని పక్కన రాస్తా," అనేవాడు నవ్వకుండా. చిన్నప్పుడు నేనూ పడీపడీ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన బల్ల కోర్టు వెనక గదిలో కిటికీ పక్కన ఉండేది. ఎడమవైపు అసలు, కుడివైపు నకలు, వేలి కింద చెక్క కొలబద్ద. ఒక పంక్తి కాగానే కొలబద్దను కిందికి జరిపేవాడు. ఆ కోర్టులో వాంగ్మూలాన్ని వాక్యానికో అంకె వేసి రాసేవారు కాబట్టి చివర్న అంకెలు కూడా సరిచూసుకునేవాడు. ఇంగ్లీషు ఆయనకు అంతంతమాత్రమే. అంకెలు చూడ్డానికి అంత ఇంగ్లీషు అక్కర్లేదు.

ఒక వానాకాలం ఇటుకబట్టీ కూలీ ఒకతను మట్టిగుంటలో బోర్లా పడి చనిపోయి కనిపించాడు. నోటినిండా మట్టి. అతనితో పనిచేసిన ఇంకో కూలీని పట్టుకొచ్చి జమేదారు గద్దిస్తే, "వాడి నోట్లో మట్టి కొట్టింది నేనేనండీ," అని భోరుమన్నాడు.

ఇంకేం కావాలి? నోట్లో మట్టి ఉంది, కొట్టానన్నవాడూ ఉన్నాడు. జమేదారుకూ, వాంగ్మూలాన్ని దొర కోసం ఇంగ్లీషులోకి మార్చే దుబాసీకీ తెలుగు రాక కాదు. ఇద్దరూ శవాన్ని చూసిన కళ్ళతోనే ఆ మాట విన్నారు. దుబాసీ దాన్ని మాటకు మాట ఇంగ్లీషులో పెట్టాడు, మేజిస్ట్రేటు దొర చదివి హత్యే అన్నాడు. మర్నాడు కాగితాలు పై కోర్టుకు వెళ్ళాలి. వెళితే ఉరి తప్పదని వసారాలో బంట్రోతులు కూడా చెప్పుకుంటున్నారు.

నకళ్ళు తీయడానికి ఆ కాగితాలు తాతయ్య బల్ల మీదికి వచ్చాయి. తెలుగులో పద్నాలుగు వాక్యాలు, ఇంగ్లీషులో పదమూడు. వెతికితే జారిపోయింది తొమ్మిదోది: 'వాడి నోట్లోనే కాదు, వాడి పిల్లల నోట్లో కూడా కొట్టాను.'

తాతయ్య కలం కింద పెట్టి వసారాలోకి వెళ్ళాడు. చనిపోయినతని భార్య గోడకానుకుని కూర్చుని ఉంది. ఆమె పిల్లలిద్దరూ చెరో రొట్టెముక్క నములుతున్నారు.

"మీ ఆయనకు పని ఉండేదామ్మా?"

"ఎక్కడ బాబూ. ఇప్పుడు పట్టుకొచ్చారే, వీడే యజమానికి చాడీలు చెప్పి మాన్పించాడు. అప్పట్నుంచి పాత గుంటలో ఒక్కడే మట్టి తవ్వుకుని అమ్ముకుంటున్నాడు."

తాతయ్య తిన్నగా దుబాసీ దగ్గరికి వెళ్ళాడు. "తొమ్మిదో వాక్యం వదిలేశారండీ."

"పిల్లలు నిక్షేపంగా ఉన్నారు కదయ్యా. ఏడుపులో ఏదో పేలాడు. నువ్వు సంతకం పెట్టి పంపు."

"పెట్టలేనండీ."

"ఉద్యోగం పోతుంది, చూసుకో."

పోతే ఇంట్లో ఆరుగురు పస్తు. పైగా మా తాతయ్యేమీ ధైర్యవంతుడు కాదు, బల్లి మీద పడితే ఇల్లంతా లేపే మనిషి. అయినా 'తొమ్మిదో వాక్యం ఇంగ్లీషులో లేదు' అని ఎర్రసిరాతో పక్కన రాసి, సంతకం చోటు ఖాళీగా వదిలేశాడు.

గంటలో దొర పిలిపించాడు. తాతయ్య మాటల్ని దొరకు చెప్పాల్సింది మళ్ళీ ఆ దుబాసీయే.

"తమరు ఇవాళ నన్ను పనిలోంచి తీసేశారనుకోండి. మా ఆవిడ నలుగురితో ఏమంటుంది? దొరగారు మా నోట్లో మట్టి కొట్టారంటుంది. పిల్లల నోట్లో కూడా కొట్టారంటుంది. తమరి చేతికి మాత్రం మట్టి అంటదు. మా తిండి పోతుంది, అంతేనండీ."

దుబాసీ సగంలో ఆగి నాలిక్కరుచుకున్నాడు. ఆయన మీద నాకెంత కోపమున్నా ఒకటి ఒప్పుకోవాలి. మిగతా సగం పొల్లుపోకుండా చెప్పాడు, తన పొరపాటుతో సహా.

దొర ఖైదీని రప్పించి, అంతవరకూ ఎవరికీ తోచని ప్రశ్న అడిగించాడు: మట్టి ఎప్పుడు కొట్టావు?

"నెల కిందటండీ," అన్నాడు ఖైదీ.

శవం దొరికి మూడు రోజులే అయింది. మనుషుల్ని పంపి గుంట వెతికిస్తే, విరిగిపడ్డ గట్టు మట్టి కింద చనిపోయినతని పార దొరికింది. వానకు నానిన గట్టు వెనకనుంచి విరుచుకుపడి అతన్ని బోర్లా తోసిందని తేలింది.

విడుదలైన కూలీ మర్నాడు తాతయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు. దండం పెడతాడనుకుంటే నిలదీశాడట.

"నన్నెందుకు బతికించారయ్యా? నేను చాడీ చెప్పకపోతే వాడు ఆ గుంటకే పోడు. నేను కొట్టానన్నది అబద్ధం కాదు."

"కాదు," అన్నాడు తాతయ్య. తరవాత, జీవితమంతా ఒకరి మాటలే రాసిన మనిషి, ఒక్క మాట సొంతంగా అన్నాడు. "కొట్టిన చేత్తోనే పెట్టు."

తాతయ్య పోయిన రోజు తల నెరిసిన పెద్దమనిషి ఒకాయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చనిపోయిన కూలీ చిన్నకొడుకునని చెప్పుకున్నాడు. ఇంత దూరం ఎలా వచ్చారని అడిగాను.

"మా బాబాయి చెబుతుండేవాడమ్మా, ఈ ఇంటి గురించి," అన్నాడు.

ఏ బాబాయి అని అడగబోయి ఆగిపోయాను. మాకు అన్నం పెట్టిన బాబాయి అని ఆయనే చెప్పాడు.