అలిసినోడు ముందర నడవాల

ఇది రాయకూడదనే అనుకున్నాను. మా వీధి హవల్దారన్న పోయిన వారం చనిపోయాడని ఆళ్లగడ్డలో అందరికీ తెలుసు. తెలిసిన సంగతి మళ్లీ రాయడమెందుకని పెన్ను మూసిపెట్టాను. కానీ జనానికి తెలిసింది సినిమాలో హవల్దారు. నాకు తెలిసిన మనిషి వేరు.

పటాలం నుంచి వచ్చేసినాక సాయంత్రాలు నాతో నడకకు వచ్చేవాడు. నాకు మోకాళ్ల నొప్పి. "నువ్వు పోన్నా, నేను నిదానంగా వస్తా" అంటే ఒప్పుకునేవాడు కాదు. "అలిసినోడు ముందర నడవాల్రా. ఎనకేస్తే రాలిపోతాడు" అని నన్నే ముందుకు తోసేవాడు. అట్లా నడవబట్టే ఈ మోకాళ్లు ఇంకా నా మాట వింటున్నాయి.

అది ఆయన మంచుకొండల్లో నేర్చుకున్న మాట. పై శిబిరంలో దెబ్బలు తిన్నవాళ్లకు మందులు చేర్చమని ఆయన దళాన్ని పంపారు. అప్పటికే నిద్రలేక, తిండిలేక అందరూ పీనుగుల్లా ఉన్నారు. దారిలో ఒకతనికి జ్వరం కాసింది. అన్న అతన్నే ముందు పెట్టి, అతని అడుగును బట్టే అందరినీ నడిపించాడు. మందులు చేరాయి. మనుషులంతా తిరిగొచ్చారు. ఆ జ్వరం మనిషి తర్వాత పెండ్లి చేసుకుని, మనవళ్లను కూడా ఎత్తుకున్నాడు.

ఈ కథ సినిమావాళ్ల చెవిన పడింది. మంచుకొండను అహోబిలం అడవికి మార్చారు. అక్కడ మంచు లేదు గానీ కోతులున్నాయి. ఒక కోతి సిపాయి టోపీ ఎత్తుకుపోతే ఒక పూట షూటింగ్ ఆగిపోయింది. అదన్నా సినిమాలో పెట్టి ఉంటే బాగుండేది. సరే, వేషగాళ్లకు నడక నేర్పింది మా అన్నే. "జరిగింది జరిగినట్టు తీయండప్పా" అని ఒక్కటే అడిగాడు. "మీ మాట దాటం సార్" అని డైరెక్టరు కాళ్లకు మొక్కాడు.

నంద్యాలలో మొదటి ఆట. ఇస్త్రీ చొక్కా వేసుకుని వదిననూ నన్నూ తీసుకుపోయాడు. ఇది ఈయన నిజజీవిత కథ అని తెర మీద ఆయన పేరు పడింది. ఈలలే ఈలలు. చివర్లో తెర మీది హవల్దారు జ్వరం మనిషిని చెట్టు కింద వదిలేసి, దేశం ముఖ్యమని కండ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. అన్న చేతులు ఒళ్లో నుంచి కదల్లేదు.

బయటికి రాగానే డైరెక్టరుకు ఫోన్ చేశాడు.

"అందరూ తిరిగొస్తే కథేముంది సార్?" అన్నాడతను.

"అందరూ తిరిగొచ్చిందే కదప్పా కథ!"

అవతల ఫోన్ పెట్టేశారు.

మర్నాడు టీ అంగట్లో ఒకడు, పొగుడుతున్నాననే అనుకుని, "ఏం గుండె సామీ నీది! మనిషిని ఆడ్నే ఇడిసిపెట్టి వచ్చినావే!" అన్నాడు.

"ఇడిసిపెట్టలేదప్పా" అన్నాడు అన్న.

"మేం సూసినాం గదన్నా!"

ఆ తర్వాత ఆయన టీ అంగడికి రాలేదు. నడకకూ రాలేదు.

చావు నాడు వీధి కుర్రాళ్లు ఫ్లెక్సీ కట్టారు. ఒక పక్క అన్న, ఒక పక్క సినిమా హీరో. వదిన శవం దగ్గర నుంచి లేచి వచ్చింది.

"ఏందప్పా ఇది? ఆ బొమ్మ తీసేయండి."

"తాత గౌరవానికే పెట్టినాం అవ్వా."

"నా మొగుడు ఎవుర్నీ ఇడిసిపెట్టి రాలే. కొయ్యండి దాన్ని."

కత్తెర తెచ్చి నిలువునా కోశారు. అన్న ఉన్న సగాన్ని మళ్లీ గోడకు కట్టారు. వాన మొదలైతే రెండో సగాన్ని ఎవరో మోటార్‌సైకిల్ మీద కప్పారు.