తెరమీది పిచ్చిదాని జుట్టు

సినిమాలో ఆడపిల్లకు పిచ్చెక్కితే ముందు ఊడేది జడ. ఈ రూలు ఎవడు పెట్టాడో గాని, అప్పటి నుంచి ఇప్పటి దాకా ఒక్క డైరెక్టరూ దాన్ని తప్పినట్టు నేను చూడలేదు. జడ ఊడుతుంది, జుట్టు మోకాళ్ళ దాకా పడుతుంది, పిల్ల పకపకా నవ్వుతుంది. వెనకాల వయొలిన్లు కీచుమంటాయి. ఆ తర్వాత ఇనుప చువ్వల గది, సూది పట్టుకున్న డాక్టరు, చివర్న హీరో కొట్టిన చెంపదెబ్బకో, తాళిబొట్టు చూసో పోయిన మతి తిరిగి రావడం. మా మనవరాళ్ళు టీవీలో ఇలాంటిది పెడితే నేను లేచి వంటింట్లోకి పోతాను. "నానమ్మకు సెంటిమెంటు ఎక్కువ" అని వాళ్ళలో వాళ్ళు నవ్వుకుంటారు. సెంటిమెంటూ లేదు, నా బొందా లేదు. ఒళ్ళుమంట.

మాది అమీర్‌పేట. నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న రోజులు. నేతపని ఇంటివాళ్ళమే అయినా నాయిన మగ్గం వదిలేసి పట్నం వచ్చి కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. సోమాజిగూడలో ఉండే నవాబుల ఇళ్ళకు షేర్వాణీలు కుట్టేవాడు. అక్కను దూరం పంపడం ఇష్టం లేక పంజగుట్టలోనే ఇచ్చాం. అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి బయలుదేరితే అన్నం ఉడికేలోగా కూతుర్ని చూసి రావచ్చు, అంత దగ్గర. బావ సర్కారు దఫ్తర్‌లో గుమాస్తా. మెత్తటి మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగడు. టాకీలంటే ప్రాణం. మా ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చూసిన బొమ్మ కథంతా పాటలతో సహా చెప్పేవాడు. నాకప్పుడు పన్నెండేళ్ళుంటాయేమో. ఆ ఇంట్లో అందరికంటే నాకు బావంటేనే ఎక్కువ ఇష్టం. అదే ఇప్పటికీ మండేది.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. పురుడు మా ఇంట్లోనే. కొన్నాళ్ళు బాగానే ఉంది, తర్వాత నిద్ర పోవడం మానేసింది. గోడకానుకుని కళ్ళు తెరిచి కూర్చునేది. "గీ పిల్ల నా పిల్ల గాదే, ఎవరో మార్చిండ్రు" అని నా చెవిలో చెప్పేది. పాలివ్వనంది. ఒకరోజు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా బేగంపేట రైలు పట్టాల దాకా నడిచిపోతే, చాకలివాళ్ళు చూసి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. బావ వాళ్ళమ్మ, అక్కకు అత్త, వచ్చి పసిదాన్ని ఎత్తుకుపోయింది. మేకపాలు పట్టి పెంచుతానంది. ఆ మాటకొస్తే పెంచింది కూడా, ఆమెను అందుకు ఏమీ అనను.

మా వాళ్ళలో గాలి సోకడం సిగ్గుపడే విషయం కాదు. గాలి ఎవరికైనా సోకుతుంది. వేములవాడ రాజన్న గుడికి తీసుకుపోయి కొన్నాళ్ళు అక్కడే నిద్రలు చేయిస్తారు, తలనీలాలు ఇప్పిస్తారు, వదిలిందంటే మనిషి మళ్ళీ అందరిలో మనిషే. దవాఖాన పిచ్చి అలా కాదు. అది రక్తంలో ఉందంటారు. ఒకసారి ఆ గడప తొక్కిందంటే చెల్లెల్ని కూడా ఎవరూ చేసుకోరు. ఇప్పుడంటే పిచ్చి దవాఖాన అనగానే అందరూ ఎర్రగడ్డ అంటారు గాని, అప్పటికి అది రాలేదు. రైలెక్కి మరాఠీ మాట్లాడే వైపు పోవాలి. అక్కను అక్కడికే తీసుకుపోయారు, నాయినా బావా కలిసి. లోకానికి మాత్రం వేములవాడలో ఉందని చెప్పాం. ఆ ఉపాయం బావదే.

"గీ మాట మన ముగ్గురి నడుమనే ఉండాలె మామా. మా అమ్మకు సుత చెప్ప" అన్నాడు. అమ్మా నేనూ ఇంట్లో వాళ్ళమే కాబట్టి మేం లెక్కలోకి రాలేదు. నాయిన అల్లుడి రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇలాంటి అల్లుడు ఎవరికి దొరుకుతాడని అమ్మ పదిమందికీ చెప్పుకుంది. చెప్పుకోదా మరి! దవాఖానకు రెండుసార్లు అతనే పోయి చూసి వచ్చాడు.

ఎండలు ముదిరేసరికి అక్క ఇంటికొచ్చింది. బాగయింది, తీసుకుపొమ్మని డాక్టరే చెప్పాడు. జుట్టు మాత్రం మెడ దాటలేదు. రాజన్నకిచ్చిందని అడిగినవాళ్ళందరికీ చెప్పి, అమ్మ సవరం పెట్టి జడ వేసేది. నిజం నాకు అక్కే చెప్పింది, పక్కపక్కన పడుకుని.

"పేలు పడ్తయని అందరి జుట్టు కత్తెరేస్తరే. మరాఠీ ఆయమ్మ ఉంటది, గొర్రెలకు బొచ్చు తీసినట్టు తీస్తది. మొదాలు మస్తు ఏడ్సిన. తర్వాత ఒకరి నెత్తి జూసి ఒకరు నవ్వుకునేటోళ్ళం."

"అందరు అరుస్తుంటరా అక్కా?"

"అరిచేటోళ్ళు తక్కువనే. ఊకె కూసునేటోళ్ళే ఎక్కువ. బియ్యంల రాళ్ళు ఏరుతం. ఎండ పొడ కాడ కూసునేటందుకు కొట్లాడుతం. ఎవలన్న కనిపిస్తే చాలు, మా ఇంటోళ్ళు ఎప్పుడొస్తరని అడుగుతరు."

ఇవన్నీ చెప్పి ఆఖరికి ఎప్పుడూ పిల్ల దగ్గరికే వచ్చేది. పళ్ళొచ్చాయా, కూర్చుంటుందా, ఎవర్ని చూసి నవ్వుతుంది అని. అత్త ఇంకా పిల్లను చూపించలేదు. గాలి పూర్తిగా వదిలిందో లేదో చూడాలంది. "పదిమందిల కూసోని లేస్తే చూస్త. మంచిగుంటే అట్నుంచి అటే మా ఇంటికి తోల్కపోత" అంది. అయితే టాకీసుకు పోదామని బావ అన్నాడు. సికిందరాబాదులో తెలుగు బొమ్మ ఆడుతోందట.

ఆ రోజు అక్క ఎంత సంబరపడిందో! గుడ్డలన్నీ మూటగట్టుకుంది. ఆకుపచ్చ చీర కట్టి, సవరం ఊడకుండా అమ్మ చేత రెండుసార్లు పిన్నులు పెట్టించుకుంది. నన్ను తోడు పంపారు. జట్కా మా గుమ్మం ముందు ఆగింది. అత్త ఒళ్ళో పిల్ల. అక్క ఎక్కి కూర్చోగానే అత్త ఏమనుకుందో ఏమో, మాట్లాడకుండా పిల్లను అక్క ఒళ్ళో పెట్టింది. సోమాజిగూడ, బేగంపేట దాటి టాకీసు వచ్చేదాకా అక్క రోడ్డు వంక చూడనే లేదు. పిల్ల వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూసుకుంటూ కూర్చుంది.

ఆ రోజుల్లో మా పట్నం టాకీసుల్లో ఆడవాళ్ళది వేరే భాగం. చుట్టూ నల్ల పరదా. దీపాలార్పిన తర్వాతే పరదా తీస్తారు, దీపాలు వెలిగేముందు మళ్ళీ వేస్తారు. బావ అవతల మగవాళ్ళలో కూర్చున్నాడు. బొమ్మ మదరాసు తెలుగులో ఉంది, అత్తకు సగం అర్థం కాలేదు, నన్ను గిచ్చి గిచ్చి అడిగింది. కథ మామూలే. ఒక జమీందారు కూతురు, ప్రేమించినవాడు పడవ ప్రమాదంలో పోయాడని కబురొస్తుంది, పిల్లకు మతి పోతుంది, జడ ఊడుతుంది. ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు.

"ఇగో, ఇప్పుడొస్తది పిచ్చోళ్ళ జాగ. మావోడు చెప్పిండు" అంది అత్త.

చెప్పాడంటే బావ ఈ బొమ్మ ముందే చూశాడన్నమాట. ఇందులో ఏముందో తెలిసే తీసుకొచ్చాడు! అత్త అప్పుడు తెర వైపు చూడటం లేదు. అక్క మొహం వైపు చూస్తోంది.

తెరమీద పిచ్చాసుపత్రి వచ్చింది. వరసగా చువ్వల గదులు, ప్రతి గదిలో ఒక అందగత్తె. ప్రతిదానికీ మోకాళ్ళ దాకా జుట్టు, నూనె పెట్టి దువ్వినట్టు నిగనిగలాడుతూ. అందరూ ఒకేసారి తలలు తిప్పుతున్నారు, ఆ జుట్టంతా గాల్లో లేస్తోంది. అక్క నా చెవి దగ్గరికి వంగింది.

"గంత జుట్టు ఎవడుంచనిస్తడే అక్కడ? ఒక్కదాని నెత్తిల పేలన్న లేవానే?"

నాకు నవ్వాగలేదు. దానికీ ఆగలేదు. నేను చిన్నపిల్లను, ముక్కు మూసుకుని ఎలాగో మింగేశాను. అక్క కొంగు నోట్లో పెట్టుకుంది, భుజాలు ఊగాయి, కాసేపు పోరాడింది పాపం. ఆ మరాఠీ ఆయమ్మ కత్తెర గుర్తొచ్చి ఉంటుంది. ఒక్కసారి ఫక్కున బయటపడింది. అందరూ ఏడుస్తున్న చోట నిండుగా, గలగలా నవ్వింది. అంత మంచి నవ్వు దాని నోట విని ఏడాది దాటింది. చుట్టుపక్కల ఏడుపులు ఆగిపోయాయి. తెరమీది పిల్ల కూడా సరిగ్గా అప్పుడే పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఖర్మ అంటే అదే.

అత్త అక్క ఒళ్ళోంచి పిల్లను లాక్కుంది. పిల్ల కెవ్వుమంది. బొమ్మ సగంలోనే లేచి బయటికొచ్చాం. ఎండ కళ్ళలో పొడిచింది. ఏడుపు వినో, నవ్వు గుర్తుపట్టో, బావ కూడా బయటికొచ్చాడు.

"అందరు ఏడుస్తుంటె నువ్వెందుకు నవ్వినవే?" అంది అత్త. కోపం లేదు ఆ గొంతులో, భయముంది.

అక్క బావ వైపు చూసింది. చెబుతాడని చూసింది. నోరు విప్పాల్సింది అతనే కదా! ఆ దవాఖాన అతను చూశాడు, ఆ కత్తిరించిన తలలు చూశాడు, బాగయిందన్న డాక్టరు మాట తన చెవులతో విన్నాడు. బావ పిల్లను ఊరుకోబెట్టడంలో పడ్డాడు. ఇక అక్కే చెప్పింది.

"అత్తా, నేను వేములవాడల లేను. పిచ్చి దవాఖానల ఉన్న. అక్కడ గట్లుండదు, అందరికి గుండ్లే. అందుకే నవ్వొచ్చింది. నిజంగ మంచిగున్న అత్తా. నువ్వే జెప్పు" అని బావ వైపు తిరిగింది. అత్త ముందు మొగుడితో అలా సూటిగా మాట్లాడటం అదే మొదటిసారి.

"ఏందిరా ఇది?" అంది అత్త.

బావ తల ఎత్తలేదు. ఎప్పటిలాగే మెల్లగా అన్నాడు. "ఏమో అమ్మా. ఏం మాట్లాడుతుందో దానికే ఎరుక."

"అయ్యో బిడ్డా! బొమ్మల చూసిందంత తనకే అయిందనుకుంటుందిరా" అంది అత్త, నోటి మీద చెయ్యి పెట్టుకుని. బావ అవునన్నట్టు తల ఊపాడు.

"అబద్ధం! బావా, నువ్వే గదా తోల్కపోయింది!" అని నేను అరిచాను. చొక్కా పట్టుకుని గుంజాను. నా తల నిమిరి "నువ్వు చిన్నదానివి, ఊకో" అన్నాడు. ఆ చెయ్యి కొరికి ఉండాల్సింది. మా ఇద్దర్నీ ఇంకో జట్కా ఎక్కించాడు. గుడ్డల మూట తీసి అక్క పక్కన పెట్టింది కూడా అతనే.

ఇంటికొచ్చి అంతా చెబితే అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పంజగుట్టకు బయలుదేరింది. నాయిన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"పోయి ఏం చెప్తవ్? దవాఖానల ఉన్నదని చెప్తవా? గీ చిన్నదాన్ని రేపు ఎవడు చేసుకుంటడు?"

అమ్మ నా వైపు చూసింది, అక్క వైపు చూసింది, కూర్చుండిపోయింది. అక్క నాయిన కాళ్ళ దగ్గర కూర్చుని ఒక్కమాటే అంది. "నాయినా, నువ్వొక్కనివి చెప్తే ఇస్తరు నా పిల్లను." నాయిన మిషను ముందు కూర్చుని కుట్టడం మొదలుపెట్టాడు. మా నాయిన చెడ్డవాడు కాదు. ఆ ముక్క చెప్పుకుంటే నాకు కోపం తగ్గాలి. తగ్గదు. బావ మోసం చేశాడంటే పరాయివాడనుకోవచ్చు. కన్నవాడు నా పేరు చెప్పి దాని పిల్లను వదులుకున్నాడు. నన్నొక మాటైనా అడిగాడా? అడిగితే నాకు పెళ్ళీ వద్దు, మీ పరువూ వద్దని చెప్పేదాన్ని.

బావ మరో పెళ్ళి చేసుకున్నాడు. పిచ్చిదానితో ఎన్నాళ్ళు కాపురం చేస్తాడు పాపం అని కులమంతా అతని మీదే జాలిపడింది. అక్క గట్టిగా మాట్లాడితే పిచ్చి, మాట్లాడకపోతే పిచ్చి. ఆ బొమ్మ చూసి వచ్చినవాళ్ళు మా ఇంటి ముందు నడక నెమ్మది చేసి లోపలికి తొంగి చూసేవాళ్ళు. జుట్టు మళ్ళీ నడుము దాకా పెరిగింది. అక్క ఒక్కరోజు కూడా విప్పి ఆరబెట్టుకోలేదు, తడిగానే జడ వేసేసేది.

నాలుగైదేళ్ళకు నా పెళ్ళి జరిగింది, నాయిన అనుకున్నట్టే, మంచి ఇంటికే. కులం పెళ్ళి కాబట్టి పంజగుట్ట వాళ్ళూ వచ్చారు. అక్కను వెనక గదిలో బియ్యం దగ్గర కూర్చోమన్నారు. నేను తల స్నానం చేసి అక్కడే ఉన్నాను. పట్టులంగా కట్టిన ఒక పిల్ల తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. చూడగానే తెలిసింది, అచ్చం అక్క ముక్కే. పిల్లకు ఎవరు ఏం చెప్పారో గాని, అమ్మ అని మాత్రం చెప్పలేదు.

"గా నవ్వే ఆమెవు నువ్వేనా?" అంది.

అక్క చేతిలో బియ్యం అలాగే ఉండిపోయాయి. పిల్ల లోపలికొచ్చి దాని మోకాలికి ఆనుకుని కూర్చుంది. "ఒక్కసారి నవ్వవా? నువ్వు నవ్వుతే అందరికి భయమైతదంట. నాకు గాదు."

అక్క ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూసింది.

"వద్దు బిడ్డా" అంది. "నవ్వితే నిన్ను తీస్కపోతరు."